ఒకే ఆట - ఆరు రకాల పాఠాలు

పిల్లలూ! ఈ నెల ఒక చిక్కు ప్రశ్నతో మొదలుపెడదాం.

ఒక గురువుగారి దగ్గర ఆరుగురు శిష్యులున్నారనుకోండి. మొదటివాడు చక్రాల కుర్చీలో కూచుని ఉంటాడు. అతనికి కాళ్లే కాదు, నడుము కూడా స్వాధీనంలో లేదు. రెండోవాడిదీ చక్రాల కుర్చీయే, కాని నడుము గట్టిది. మూడోవాడికి ఒక కాలు పెట్టుడు కాలు. నాలుగోవాడికి ఒక పాదంలో లోపం ఉంది; నడుస్తాడు, పరుగెత్తుతాడు, అయితే తక్కినవాళ్లంత చురుగ్గా కాదు. అయిదో శిష్యురాలికి ఒక చెయ్యి సరిగా ఎదగలేదు. ఆరోవాడికి కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగాని, పెద్దవాడైనా మీ అంత ఎత్తు మాత్రమే ఉన్నాడు.

ఈ ఆరుగురికీ ఆయన బాడ్మింటన్ నేర్పాలి. సరదాకి కాదు సుమా! ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్ల ఎదట నిలబడి గెలిచేటట్టు నేర్పాలి. అందరికీ ఒకే పాఠం చెబితే సరిపోతుందా?

"సరిపోదు!" అని మీరు ఇట్టే అనేస్తారు. నిజమే. అయితే ఇది ఊహించి చెప్పిన కథ కాదు. అలాంటి గురువు ఉత్తరప్రదేశ్ లోని లక్నో నగరంలో ఉన్నారు. ఆయన పేరు గౌరవ్ ఖన్నా. టోకియోకూ, ఆ తరవాత పారిస్ కూ వెళ్లిన మన పారా బాడ్మింటన్ జట్టుకు ఆయనే ప్రధాన శిక్షకుడు. శరీరంలో ఏదో ఒక లోపం ఉన్నవాళ్లు ఆడే బాడ్మింటన్ కు పారా బాడ్మింటన్ అని పేరు.

ఖన్నాగారు కూడా ఒకప్పుడు బాడ్మింటన్ ఆటగాడే. ఆయన మొదట్లో చెవులు వినిపించని పిల్లలకు ఆట నేర్పారు. కోర్టులో ఆడే పిల్లవాడికి గురువు మాట వినపడకపోతే ఎలా? "వెనక్కి జరుగు! మోచెయ్యి ఎత్తు!" అని ఎంత గట్టిగా అరిచినా లాభం లేదు గదా. అందుకని ఆయన ముందుగా తానే విద్యార్థి అయి, చేతి సైగల భాష నేర్చుకున్నారు. ఆ తరవాతనే ఆట పాఠం మొదలయింది. ఆయన జీవితంలో తరవాత జరిగినవాటికన్నిటికీ ఇదే మొదటి మెట్టు అని చెప్పవచ్చు.

ఇక ఆట సంగతి చూద్దాం. మన ఊళ్లలో సాయంకాలాలు ఉన్ని బంతితో ఆడే బాల్ బాడ్మింటన్ వేరు. ఇది ఈకల షటిల్ తో ఆడేది. షటిల్ లో 16 ఈకలుంటాయి. దాని బరువు అయిదు గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు. నడుమ నెట్టు ఎత్తు సుమారు ఒకటిన్నర మీటర్లు, అంటే అయిదు అడుగులు. పారా బాడ్మింటన్ లో కూడా షటిల్ అదే, బ్యాటు అదే, నెట్టు ఎత్తూ అదే. మరి తేడా ఎక్కడుంది?

ఆటగాళ్లను ఆరు తరగతులుగా విభజించడంలో ఉంది. మీరు పైన చూసిన ఆరుగురు శిష్యులే ఆ ఆరు తరగతులు! చక్రాల కుర్చీవారికి రెండు తరగతులు. నిలబడి ఆడేవారిలో కాళ్లలో లోపం ఉన్నవారికి రెండు: నిలదొక్కుకోవడం చాలా కష్టమైనవారు ఒక తరగతి, అంత కష్టం లేనివారు ఒక తరగతి. చేతిలో లోపం ఉన్నవారిది ఒక తరగతి, మరీ పొట్టివారిది ఇంకొక తరగతి. ఎవరు ఏ తరగతికి చెందుతారో నిపుణులు పరీక్షించి నిర్ణయిస్తారు. ఒంటి కాలివాడినీ, ఒంటి చేతివాడినీ ఒకరి మీదకొకరిని తోస్తే అది పోటీ అనిపించుకోదు గదా!

ఈ తరగతులకు తగినట్టుగా నియమాలు కూడా కొద్దిగా మారుతాయి. చక్రాల కుర్చీవారు ఒక్కొక్కరుగా ఆడేటప్పుడు కోర్టును నిలువునా సగం చేసి ఆ సగంలోనే ఆడతారు. పైగా నెట్టుకు ఆనుకుని ముందు భాగంలో ఉండే పట్టీలో షటిల్ పడితే అది బయట పడ్డట్టే లెక్క. ఎందుకంటారా? మామూలు ఆటగాడు ఒక్క అంగలో నెట్టు దగ్గరికి దూకి షటిల్ ను అందుకుంటాడు. కుర్చీ అలా దూకలేదు. అక్కడ పడేసిన ప్రతి షటిలూ పాయింటు అయిపోతే ఇక ఆటే ఉండదు. మరొక నియమం: షటిల్ ను కొట్టే క్షణంలో ఆటగాడి మొండెం కుర్చీ పీటకు తగిలే ఉండాలి.

ఇప్పుడు మన గురువుగారి చిక్కు మీకు కొంచెం అర్థమవుతుంది. ఒక్కొక్క తరగతికి ఎలాంటి పాఠం కావాలో చూడండి.

కుర్చీలోని ఆటగాడు పక్కకు అడుగు వెయ్యలేడు. మనం కుడివైపుకు పోవాలంటే కుడికాలు చాపుతాం. అతను కుర్చీని తిప్పి, చక్రం తొయ్యాలి. తోసే చేతిలోనే బ్యాటు కూడా ఉంటుంది! షటిల్ నెత్తి మీదుగా వెనక్కి పోతే వెన్ను బాగా వంచి అందుకోవాలి. అప్పుడు కుర్చీ వెనక్కి బోర్లా పడదా? పడకుండా దానికి వెనకవైపు ఒకటి రెండు చిన్న చక్రాలు అమర్చుకోవచ్చు. కాబట్టి అతనికి మొదటి పాఠం బ్యాటుతో కాదు, చక్రంతో!

పెట్టుడు కాలుతో ఆడేవాడి సంగతి వేరు. మన పాదం నేలను తాకగానే నేల జారుడుగా ఉన్నదో, గట్టిగా ఉన్నదో, మన బరువు మడమ మీద ఉన్నదో, వేళ్ల మీద ఉన్నదో నరాలు మెదడుకు కబురు పంపుతాయి. ఆ కబురు ఎంత త్వరగా చేరుతుందంటే, మనం ఆలోచించకుండానే సర్దుకుని నిలబడతాం. పెట్టుడు కాలికి నరాలు లేవు. అది నేలను తాకినట్టు ఆ మనిషికి తొడ దగ్గరో, మోకాలి దగ్గరో కలిగే ఒత్తిడివల్ల తెలియాలి. అందువల్ల పక్కలకు గబగబా తిరగడం అతనికి కష్టం. నిలదొక్కుకోవడం చాలా కష్టమైన ఈ తరగతివారు కూడా ఒంటరి పోటీల్లో సగం కోర్టులోనే ఆడతారు. సగం కోర్టు అంటే ఆట సులువని అనుకునేరు! కొట్టడానికి చోటు తక్కువ గనక షటిల్ ఒక పట్టాన కింద పడదు. ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ తిప్పి తిప్పి ఎదటివాడిని అలసిపోయేటట్టు చెయ్యాలి. ఇక్కడ కండబలం కన్న ఓర్పూ, ఎత్తుగడా ముఖ్యం.

చేతిలో లోపం ఉన్నవారికి కాళ్లు బాగానే ఉన్నాయి గదా, మరి కష్టమేమిటి? బ్యాటు పట్టుకునేది ఒక్క చేత్తోనే గదా అని మీకు అనిపించవచ్చు. మీరు షటిల్ ను గట్టిగా కొట్టేటప్పుడు మీ రెండో చెయ్యి ఏం చేస్తున్నదో ఎన్నడైనా గమనించారా? అది గాలిలోకి లేచి, దొమ్మరివాడి చేతిలోని గడకర్రలాగా ఒంటిని తూకంగా నిలుపుతుంది. ఆ చెయ్యి పొట్టిదైతే, లేక పూర్తిగా లేకపోతే, కొట్టిన ఊపుకు ఒళ్లు ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఆ తూకాన్ని నడుములో నుంచీ కాళ్లలో నుంచీ తెచ్చుకోవాలి.

ఇక పొట్టివారు. నెట్టు మటుకు వారికోసం కిందికి దిగదు. అందుకని వారి పాఠం కాళ్లలో ఉంది: ఎగిరి కొట్టడం, చప్పున దిగి మళ్లీ ఎగరడం.

చూశారా! ఇలాంటి గురువు ఒక్క ఆట తెలిస్తే చాలదు. ఎముకలూ కండరాలూ ఎలా పనిచేస్తాయో కొంత తెలియాలి. కుర్చీ మరమ్మత్తు తెలియాలి. అన్నిటికంటె ముఖ్యం, శిష్యుడి శరీరం వల్ల ఏమేమి అవుతుందో శ్రద్ధగా చూడటం తెలియాలి.

ఆ చూడటం గురించి ఒక నిజమైన కథ చెబుతాను. పంజాబ్ లోని జలంధర్ లో పలక్ కోహ్లీ అనే అమ్మాయి ఉండేది. పుట్టుకతోనే ఆమె ఎడమ చెయ్యి పూర్తిగా ఎదగలేదు. "చేతికి ఏమయింది?" అని చూసినవాళ్లందరూ అడుగుతూ ఉండేవారు. బడిలో తక్కిన పిల్లలతో కలిసి ఆటలో చేరబోతే, ఇది నీకు పనికిరాదు, వెళ్లి చదువుకో అన్నట్టు మాట్లాడి పంపేశారు. పాపం, ఆ అమ్మాయి ఆటలు తనకోసం కావేమోననుకుంది.

తరవాత ఒకనాడు ఆమె తనవాళ్లతో బజారుకు వెళ్లింది. అక్కడ ఒక కొత్తమనిషి ఆమెను పలకరించాడు. ఆయనా చెయ్యి గురించే అడిగాడు. అయితే అంతటితో ఆగక, నువ్వు పారా బాడ్మింటన్ ఎందుకు ఆడకూడదు అన్నాడు. అలాంటి ఆట ఒకటి ఉన్నదని కూడా పలక్ కు అంతవరకూ తెలియదు. ఆ కొత్తమనిషి గౌరవ్ ఖన్నాగారే! కొంతకాలానికి ఆ అమ్మాయి ఇల్లు విడిచి, అంత దూరాన ఉన్న లక్నో చేరి, ఆయన దగ్గర ఆట నేర్చుకోవడం మొదలుపెట్టింది.

బడిలోవాళ్లు చూసింది ఆ చెయ్యినే, ఖన్నాగారు చూసిందీ ఆ చెయ్యినే. ఒకరికి అది ఆట మాన్పించడానికి కారణమయింది. మరొకరికి ఆట నేర్పడానికి కారణమయింది.

ఇప్పుడు టోకియోకు పోదాం. పారా బాడ్మింటన్ లో మొదటి ప్రపంచ పోటీలు 1998లో నెదర్లాండ్స్ దేశంలోని ఆమర్స్ ఫోర్ట్ పట్నంలో జరిగాయి. కాని పారాలింపిక్ క్రీడల్లో చోటు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. 2014లో నిర్ణయం జరిగి, టోకియో క్రీడల్లో ఈ ఆటను మొదటిసారిగా పెట్టారు. 2020లో జరగవలసిన ఆ క్రీడలు కరోనా జబ్బు మూలాన 2021కి వాయిదా పడ్డాయి.

ఖన్నాగారి జట్టు అక్కడ ఏం చేసిందో వినండి. సెప్టెంబరు 4న ప్రమోద్ భగత్ ఇంగ్లండు ఆటగాడు డేనియల్ బెథెల్ ను 21-14, 21-17తో ఓడించి బంగారు పతకం తెచ్చాడు. చిన్నతనంలో పోలియో వచ్చి ప్రమోద్ ఎడమకాలు దెబ్బతిన్నది. అదే రోజు, అదే తరగతిలో మనోజ్ సర్కార్ కంచు పతకం గెలిచాడు. మర్నాడు పొట్టివారి తరగతిలో జైపూరుకు చెందిన కృష్ణా నాగర్ హాంగ్ కాంగ్ ఆటగాడు చూ మన్ కాయ్ తో మూడు ఆటలు హోరాహోరీగా పోరాడి, 21-17, 16-21, 21-17తో మరొక బంగారు పతకం తెచ్చాడు. ఆ రోజే సుహాస్ యతిరాజ్ గారు వెండి పతకం పొందారు. పుట్టుకతోనే కాలిలో లోపం ఉన్న సుహాస్ గారు అప్పట్లో ఢిల్లీ పక్కనున్న గౌతమబుద్ధ నగర్ జిల్లాకు కలెక్టరు! పగలు కచేరీ పని, అది ముగిశాక ఆట.

మరి పలక్? పంతొమ్మిదేళ్ల ఆ అమ్మాయి టోకియోలో మూడు పోటీల్లో ఆడింది. జంట ఆటలో ఆమెకు తోడుగా నిలిచిన పారుల్ పర్మార్ గారి వయస్సు 48 ఏళ్లు. తల్లీ కూతుళ్ల ఈడు ఉన్న ఆ ఇద్దరూ ఒకే వైపున నిలబడి ఆడారు. ప్రమోద్ తో కలిసి ఆడిన మిశ్రమ జంటల పోటీలో పలక్ నాలుగో స్థానం వరకూ వచ్చింది. పతకం కొద్దిలో తప్పిపోయింది. అంతటితో కష్టం తీరలేదు. మరుసటి ఏడు ఆమె కాలి ఎముకలో కణితి ఉన్నట్టు బయటపడింది. ఆడటం సంగతి అటుంచి, నడవడమే కష్టమయింది. చికిత్స జరిగింది. ఆమె మళ్లీ మొదటి నుంచి నడక నేర్చుకున్నట్టుగా ఆట నేర్చుకుని, 2024లో పారిస్ క్రీడలకు కూడా వెళ్లింది. ఒకప్పుడు చేతి లోపానికి తగినట్టు మలుచుకున్న ఆటను ఈసారి కాలికి తగినట్టు మార్చుకోవలసి వచ్చిందన్నమాట.

2020లో మన ప్రభుత్వం ఖన్నాగారికి ద్రోణాచార్య పురస్కారం ఇచ్చింది. ఆటలు నేర్పే గురువులకు 1985 నుంచీ ఇస్తున్న బహుమానం అది. ద్రోణుడి పేరు వినగానే మీకు ఏకలవ్యుడు గుర్తుకు వస్తాడు గదూ? బాణాలు వెయ్యడంలో ఆరితేరిన ఏకలవ్యుడిని ద్రోణుడు కుడి చేతి బొటనవేలు దక్షిణగా అడిగాడు. వేలు పోవడంతో అతని బాణాల్లో మునుపటి వేగం పోయింది. అదే ద్రోణుడి పేర ఉన్న బహుమానం ఆ ఏడు, చెయ్యి లేనివాళ్ల చేత, కాలు లేనివాళ్ల చేత గెలిపించే గురువుకు వచ్చింది. ఆ కథ విన్నప్పుడల్లా ఏకలవ్యుడి కోసం బాధపడే పిల్లలకు ఈ సంగతి సంతోషంగా ఉంటుంది. 2024లో ఆయనకు పద్మశ్రీ కూడా లభించింది.

ఆ ఏడే పారిస్ లో మన జట్టు టోకియో కంటె ఒక పతకం ఎక్కువగా, మొత్తం అయిదు తెచ్చింది. తమిళనాడు అమ్మాయిలు ముగ్గురిలో తులసిమతి వెండి పతకమూ, మనీషా, నిత్యశ్రీ కంచు పతకాలూ గెలిచారు. ఈ ఆటలో మన ఆడపిల్లలకు పారాలింపిక్ పతకాలు రావడం అదే మొదలు. సుహాస్ గారికి మరొకసారి వెండి వచ్చింది.

బంగారు పతకం తెచ్చిన నితేష్ కుమార్ కథలో మన విశాఖపట్నం ఉంది. 2009లో, పదిహేనేళ్ల వయస్సులో, అతను విశాఖలోనే రైలు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాడు. నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. తరవాత చదువు కొనసాగించి హిమాచల్ ప్రదేశ్ లోని మండీ ఐ.ఐ.టి.లో చేరాడు. అక్కడే అతనికి బాడ్మింటన్ మీద మనసు పోయింది. పారిస్ లో చివరి ఆట మళ్లీ ఆ డేనియల్ బెథెల్ తోనే. మొదటి ఆట నితేష్ ది, 21-14. రెండోది బెథెల్ ది, 18-21. మూడోది 20 దాటినా తేలలేదు. చివరికి 23-21తో నితేష్ గెలిచాడు. ఆ సగం కోర్టులో వాళ్లిద్దరూ ఆడింది ఎంతసేపనుకున్నారు? గంటా ఇరవై నిమిషాలు!

మన హైదరాబాదుకు కూడా ఈ ఆటతో సంబంధం ఉంది. 2011లో రోడ్డు ప్రమాదంలో ఎడమకాలు పోగొట్టుకున్న మానసీ జోషీ హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడెమీలో సాధన చేసి, 2019 ఆగస్టులో స్విట్జర్లండులోని బాసెల్ నగరంలో ప్రపంచ విజేత అయింది. అదే నగరంలో, అదే రోజుల్లో మన పి.వి. సింధు కూడా ప్రపంచ విజేత అయిన సంగతి మీకు తెలుసు. ఒకే అకాడెమీలో ఆడిన ఇద్దరూ రెండు బంగారు పతకాలతో తిరిగి వచ్చారు.

ఇప్పుడు మీరు చెయ్యడానికి రెండు చిన్న ప్రయోగాలు. ఇవి ఎవరినీ వెక్కిరించడానికి కాదు. కష్టం ఎక్కడుందో మీ ఒంటితో మీరే తెలుసుకోవడానికి.

మొదటిది: గోడకు దూరంగా, మెత్తని చాప మీద ఒంటికాలి మీద నిలబడండి. రెండు చేతులూ పక్కలకు చాపి, ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా నిలవగలరో చూడండి. తరవాత రెండు చేతులూ ఒంటికి అదిమిపెట్టి మళ్లీ చూడండి. రెండు లెక్కలూ రాసుకోండి.

రెండోది: చేతులు లేని కుర్చీలో కూచోండి. పాదాలు నేలకు ఆనకూడదు. స్నేహితుడు కాగితపు ఉండను మీ ముందుకూ, కుడికీ, ఎడమకూ, నెత్తి మీదుగా వెనక్కూ పదేసి సార్లు విసరాలి. కుర్చీని ఇంకొకరు గట్టిగా పట్టుకోవాలి సుమా. ఏ వైపు ఎన్ని అందాయి? ఏ వైపువి బొత్తిగా అందలేదు? మీ లెక్క చూసుకుని, పైన చెప్పిన కుర్చీ ఆట నియమాలు మళ్లీ చదవండి. ప్రతి నియమం వెనకా ఉన్న కారణం మీకే తెలుస్తుంది.

చివరగా ఒక మాట. మీ బడిలో డ్రిల్లు గంట కొట్టినప్పుడు అందరూ మైదానానికి పరుగెత్తుతారు. గట్టు మీద కూచుని చెప్పులకు కాపలా కాసే పిల్లవాడో పిల్లో ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఉంటే, వెళ్లి "నువ్వేం ఆడగలవు?" అని అడగండి. జవాబు విన్న తరవాత మీరంతా కలిసి కూచుని నియమాలు మార్చుకోండి. గీత దగ్గరికి జరపవచ్చు, కోర్టు సగం చేసుకోవచ్చు, ఇద్దరు ఒక పక్క చేరవచ్చు. ఆ కొత్త నియమాలతో ఆట రక్తి కట్టిందా లేదా, మాకు ఉత్తరం రాయండి.